ముహూర్తానికి ముందే వచ్చిన నొప్పులు

నేను మాట్లాడటం మొదలుపెడితే ఆపనని మా ఇంట్లోవాళ్ళకే కాదు, నేను ఎక్కే బస్సు కండక్టర్లకి కూడా తెలుసు. అలాంటి నేను విజయవాడలో ఒక ఏసీ గదిలో, ముగ్గురు పెద్దవాళ్ళ ఎదురుగా కూర్చుని, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాను. వాళ్ళు అడిగింది కష్టమైన ప్రశ్న కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అది నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకి ఇంటర్వ్యూ. నేను ఇంటర్ అయ్యాక జీఎన్ఎమ్ చదివాను, అంటే నర్సు డిప్లొమా. దాని మీద ఈ కోర్సు చేస్తే, ఇబ్బందుల్లేని కాన్పుని మొదటినుంచి చివరిదాకా నర్సే చూసుకోవచ్చు. ఎప్పుడు డాక్టర్ని పిలవాలో కూడా ఆ నర్సే తేల్చుకోవాలి. దీనికి మార్కులొక్కటే చాలవు, కాన్పుల వార్డులో మంచం పక్కన పనిచేసిన అనుభవం ఉండాలన్నారు. ఆ మాట చదివి నేను ఎంత సంబరపడ్డానో. మార్కులంటే నాకు భయం గానీ, అనుభవానికి లోటేముంది? నూజివీడులో ఒక కాన్పుల ఆసుపత్రిలో చేరి అప్పటికి నాలుగు వేసవులైంది. ఈ సీటు వస్తే మా చాట్రాయి వైపు ఆడవాళ్ళకి నేనే కాన్పులు చేస్తానని మా అమ్మకి ముందే చెప్పేశాను. మా అమ్మ తను పనిచేసే మామిడికాయల షెడ్డులో అందరికీ చెప్పేసింది.

మధ్యలో కూర్చున్న మేడమ్ నెరిసిన జుట్టుతో, కాటన్ చీరలో, మా స్కూలు టీచర్లా ఉన్నారు. నెమ్మదిగా అడిగారు.

"ఒక కాన్పు గురించి చెప్పమ్మా. మొదటి నొప్పి నుంచి బిడ్డ ఏడ్చేదాకా నువ్వు పక్కనే ఉన్న కాన్పు."

"చాలా ఉన్నాయండీ," అన్నాను.

"చాలా వద్దులే. ఒక్కటి చెప్పు."

వెతుక్కున్నాను. మా ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పంతులుగారితో ముహూర్తం పెట్టించుకునే వస్తారు. ఫలానా రోజు, ఫలానా గంటలోపు బిడ్డ బయటికి రావాలి. దానికి తగ్గట్టు ఆపరేషన్. నేను థియేటర్లో సామాను సర్దుతాను, బిడ్డని అందుకుంటాను, తుడుస్తాను, గుడ్డలో చుట్టి బయట ఎదురుచూస్తున్న అమ్మమ్మకి చూపిస్తాను. నొప్పులతో వచ్చేవాళ్ళూ ఉంటారు. కానీ వాళ్ళ దగ్గర పెద్ద సిస్టరూ డాక్టరమ్మా ఉంటారు. నన్ను సెలైను తెమ్మంటారు, ఇంజక్షను తెమ్మంటారు, బయటికెళ్ళి వాళ్ళాయన్ని పిలవమంటారు. నేను తిరిగొచ్చేసరికి బిడ్డ పుట్టి ఉంటుంది. నాలుగేళ్ళూ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఒక్క కాన్పు కూడా పూర్తిగా లేదు.

"ఎంతమంది బిడ్డల్ని ఎత్తుకున్నావో అడిగితే చెప్పగలవు కదా?" అన్నారు మేడమ్.

"చెప్పగలనండీ."

"తల్లుల సంగతే అడిగాను నేను."

ఆవిడ కోప్పడలేదు, వెటకారమూ చెయ్యలేదు. పక్కనున్న సారు మాత్రం నెల తర్వాత రెండో విడత ఉందనీ, కావాలంటే రమ్మనీ, ఇదే ప్రశ్న అడుగుతామనీ చెప్పారు. నేను లేచి దణ్ణం పెట్టి, తలుపు లాగాల్సింది తోసి, తోసి, చివరికి ఆయనే లేచి తీస్తే బయటపడ్డాను.

ఇంటికొచ్చాక మా అమ్మ నా మొహం చూసి, "ఏంటే, నోరు పడిపోయిందా?" అంది.

"అమ్మా, నేను ఒక్క కాన్పు కూడా చూళ్ళేదు."

"నాలుగేళ్ళ నుంచి మరి నువ్వు చేసేదేంటి?"

నేనూ అదే ఆలోచిస్తున్నాను.

ఆ వారంలోనే ఆ అమ్మాయి మా ఆసుపత్రిలో చేరింది. నా వయసే ఉంటుంది. పుట్టిల్లు మైలవరం దగ్గర, అత్తగారిది బాపులపాడు వైపు. రెండువైపులా మామిడితోటలున్నవాళ్ళే. తొలి కాన్పు పుట్టింటివాళ్ళు చెయ్యాలి కాబట్టి తల్లి వెంటబెట్టుకుని వచ్చింది. ముహూర్తం మాత్రం అత్తగారి తరఫు పంతులుగారు పెట్టారు, మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర లోపు. మత్తు డాక్టరుగారు ఆ టైముకి విజయవాడ నుంచి వచ్చేలా మాట్లాడుకున్నారు. అత్తగారు వాళ్ళు కూడా ఆ టైముకే కారులో వస్తారు. తల్లి మా స్టాఫుకోసం ఒక బుట్ట చిన్న రసం పళ్ళు తెచ్చి కౌంటరు మీద పెట్టింది. ఆసుపత్రంతా డెట్టాలు వాసన పోయి తోట వాసన వేసింది.

పొద్దున చేర్చుకునేటప్పుడు బీపీ చూశాను, బిడ్డ గుండె చప్పుడు విన్నాను. అంతా బాగుంది.

"నొప్పులేమన్నా ఉన్నాయా అండీ?"

"లేవు సిస్టరు," అని నవ్వింది. చక్కగా నవ్వింది. నేను వెళ్ళిపోయాను. మధ్యాహ్నంలోపు మళ్ళీ రెండుసార్లు వచ్చి చూశాను. అప్పుడూ నవ్వింది.

భోజనాలయ్యాక కరెంటు పోయింది. మే నెల ఎండ. జనరేటరు థియేటరుకీ మందుల ఫ్రిజ్‌కీ మాత్రమే వేస్తారు. ఆ అమ్మాయి గదికి రెండువైపులా కిటికీలుండటంతో కాస్త గాలి ఆడుతుంది. పెద్ద సిస్టరు టిఫిన్ బాక్సు విప్పుకుంది, పనేమీ లేదు. నేను వెళ్ళి ఆ గదిలో స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. గాలి కోసమే కూర్చున్నాను, ఇంకో ఉద్దేశం ఏమీ లేదు.

"మీరేదో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చారంట కదా సిస్టరు," అంది ఆ అమ్మాయి.

అంతే, నేను మొదలుపెట్టాను. ఏసీ గది, మేడమ్ చీర, తలుపు తోసిన సంగతి, అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి భలే వింటోంది. "అయ్యో" అంటోంది, "మరి మీరేమన్నారు?" అంటోంది. వాళ్ళమ్మ అవతలివైపు కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

మాటల్లో ఒకచోట నేనేదో అడిగితే జవాబు రాలేదు. వినపడలేదేమో అనుకున్నాను. కాసేపాగి, "ఆఁ, చెప్పండి సిస్టరు, వింటున్నా," అంది. మళ్ళీ బాగా మాట్లాడింది. ఇంకాసేపటికి మళ్ళీ అదే. చూపు గోడమీద క్యాలెండరు దగ్గర ఆగిపోతుంది. పెదాల మీద నవ్వు అలాగే ఉంటుంది, కళ్ళలో మాత్రం ఉండదు. మాట్లాడే వాళ్ళకి ఎదుటివాళ్ళు వింటున్నారో లేదో ఇట్టే తెలిసిపోతుంది. వింటూ వింటూ మధ్యలో మాయమైపోయే మనిషిని మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

మూడోసారి అలా అయినప్పుడు, వింటోందో లేదో చూద్దామని, "మా నాన్నకి తోకుందండీ, మామిడిచెట్టు ఎక్కేటప్పుడు దాంతోనే కొమ్మ పట్టుకుంటాడు," అన్నాను.

"ఊఁ," అంది.

అప్పుడే ఇంకోటి చూశాను. విసనకర్ర ఆగిపోయింది. వాళ్ళమ్మ కూతురి మొహంలోకే చూస్తోంది, ఊపిరి బిగబట్టి. కూతురు నెమ్మదిగా గాలి వదిలింది. విసనకర్ర మళ్ళీ ఊగింది.

ఈసారి ఏమీ మాట్లాడకుండా చెయ్యి తీసి ఆ అమ్మాయి పొట్టమీద వేసి ఉంచాను. కాసేపు మామూలుగానే ఉంది. ఆ తర్వాత నా చేతికింద అది బిగుసుకోవడం మొదలైంది, పచ్చి కలెక్టరు మామిడికాయంత గట్టిగా. పైన మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

"ఏం లేదమ్మా," అంది తల్లి గబగబా. "పొద్దున పెసరట్టు తిన్నది. గ్యాసు."

"ఎప్పట్నుంచి అండీ?" అని కూతుర్ని అడిగాను.

"రాత్రి నుంచి," అంది.

"నువ్వూరుకోవే," అంది తల్లి.

పొద్దుట్నుంచి ఆ గదికి నేను ఎన్నిసార్లు వచ్చిపోయాను. కిందటి రాత్రి నుంచి నొప్పులు పడుతున్న మనిషి నాతో నవ్వుతూ మాట్లాడింది. నేను నమ్మి, రాసుకుని, వెళ్ళిపోయాను.

"రేపు తొమ్మిదింటిదాకా ఓర్చుకుంటే అయిపోద్దిగా అమ్మా," అంది తల్లి, నా చెయ్యి పట్టుకుని. "అప్పుడెలాగూ ఆపరేషన్ చేసేస్తారు. నీకు దణ్ణం పెడతాను, డాక్టరమ్మకి చెప్పమాక."

"ఇది ఆపుకునే పని కాదండీ."

"నీకు తెలీదమ్మా. వాళ్ళ పెద్దకోడలికి ముహూర్తం తప్పింది. ఆవిడకి పుట్టిన పిల్లకి జలుబు చేసినా, తోటలో పూత రాలినా, ఆ కోడలి మొహానే కొడతారు. నా పిల్లని కూడా అట్టా మాటలు పడమంటావా?"

కూతురు నన్ను చూస్తోంది. "పర్లేదు సిస్టరు, నేను ఓర్చుకోగలను," అంది. అది నన్ను ఇంకా భయపెట్టింది. ఎందుకంటే నిజంగానే ఓర్చుకునేలా ఉంది. ముహూర్తాలకి టైము చూసుకుని రావడం నాకు తెలుసు. టైము రాకముందే వచ్చిన బిడ్డని కడుపులోనే పట్టి ఉంచుదామనుకోవడం నేను ఎప్పుడూ వినలేదు. ఇలా ఇంకెంతమంది నా ముందు నవ్వారో అన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చింది. దాన్ని పక్కకి నెట్టేశాను.

పరిగెత్తి డాక్టరమ్మని పిలిచాను. ఆవిడ ఉండేది పైఅంతస్తులోనే. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా దిగొచ్చి పరీక్ష చేశారు. గ్లవ్స్ తీస్తూ తల్లివైపు చూశారు.

"ఇంక మీ ముహూర్తం లేదు, గిహూర్తం లేదు. బిడ్డ దారిలో ఉంది."

"ఆపడానికి ఇంజక్షనేమన్నా..." అంది తల్లి.

"ఏంటమ్మా, బస్సా ఇది, చెయ్యెత్తితే ఆగడానికి? తల్లీ బిడ్డా బాగున్నారు. మామూలు కాన్పే అయిపోతుంది."

లేబర్ రూమ్‌కి తీసుకెళ్ళాం. అలవాటుకొద్దీ సెలైను తేవడానికి తలుపువైపు నడవబోయాను. నా మణికట్టు కదల్లేదు. ఆ అమ్మాయి పట్టుకుని ఉంది.

"ఈవిడ ఉండాలి," అంది డాక్టరమ్మతో.

"ఉంటుందిలే. పెద్ద సిస్టరు తెస్తుంది సెలైను," అన్నారు డాక్టరమ్మ. "నువ్వు మాట్లాడుతూ ఉండవే. ఏదో ఒకటి. నీకు అది కొత్తా ఏంటి?"

మాట్లాడాను. మా అమ్మ షెడ్డులో కాయలు ఎలా ఏరుతారో, సొన తగిలితే చేతులు ఎలా మండుతాయో, మచ్చపడ్డ కాయల్ని ఇంటికి తెస్తే నేను ఎలా సణుగుతానో అన్నీ చెప్పాను. నొప్పి వచ్చినప్పుడు గొంతు తగ్గించాలని నాకు ఎవరూ చెప్పలేదు. తగ్గించకపోతే ఆ అమ్మాయి నా చెయ్యి గిల్లింది. నొప్పి పోయాక, "మరి తోక సంగతేంటి?" అంది. ఆ మాట కూడా విందన్నమాట.

మధ్యలో తల్లి చేతిలో ఫోన్ మోగింది. కంగారులో స్పీకరు నొక్కేసింది.

"ఏం వదినగారూ, అంతా బాగుందా?" అని అత్తగారి గొంతు. "నొప్పులేం రాలేదుగా? మేం రేపు ఏడింటికే బయల్దేరతాం."

సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి అరిచింది. రాత్రి నుంచి దాచుకున్నదంతా ఆ ఒక్క కేకలో బయటికొచ్చింది. నా చెవులు గింగిరాలెత్తాయి.

"ఏంటది?" అంది అత్తగారు ఫోన్‌లో.

"పక్కగదిలో వాళ్ళెవరో వదినగారూ," అంది తల్లి.

"అత్తయ్యా, నేనే," అంది కూతురు మంచం మీద నుంచి. "ఫోన్ పెట్టేయండి."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేనూ పెట్టుకునేదాన్నే, కానీ నా చెయ్యి ఖాళీగా లేదు.

దీపాలు పెట్టే వేళకి పాప పుట్టింది. అందుకున్నది డాక్టరమ్మే. నేను మామూలుగా బిడ్డవైపు పరిగెత్తేదాన్ని, ఆరోజు తల్లివైపే ఉండిపోయాను. నాలుగేళ్ళలో బిడ్డ ఏడుపు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ ఏడుపు వినగానే తల్లి మొహం ఏమవుతుందో ఆరోజే చూశాను. ఏమీ అవ్వలేదు. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని పైకప్పు చూస్తోంది, నాకంటే ఎక్కువ బిత్తరపోయి. "అయిపోయిందా?" అంది. "అయిపోయిందండీ," అన్నాను. అప్పుడు నా చెయ్యి వదిలింది.

ఆ రాత్రికే అత్తగారు దిగిపోయింది. నేను డ్యూటీ దిగి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాను. ఆవిడ పాపని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసి, "ముక్కు మావాళ్ళదే," అంది. తర్వాత ఎన్ని గంటలకి పుట్టిందని అడిగింది. ఆ ఇంట్లో తర్వాత ఎవరేమన్నారో నాకు తెలీదు. తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది.

రెండో విడత ఇంటర్వ్యూకి ఎంత ధైర్యంగా వెళ్ళానో చెప్పలేను. అదే గది, అదే మేడమ్, అదే ప్రశ్న. అంతా చెప్పాను, విసనకర్ర ఆగడం దగ్గర్నుంచి. తోక దగ్గర సారు నవ్వారు. మేడమ్ నవ్వకుండా విన్నారు.

"రాత్రి నుంచి నొప్పులన్నావు. నువ్వు కూర్చున్నది మధ్యాహ్నం."

"అవునండీ."

"అయితే సగం కాన్పు చూశావు."

నా నెత్తిన నీళ్ళు గుమ్మరించినట్టైంది. కాదనడానికి లేదు. "సగమేనండీ," అన్నాను.

"దాచుకున్న నొప్పిని చేత్తో పట్టుకున్నావు చూడు, అది మాకు కావాలి. కానీ ఈ కోర్సులో నిన్ను ఒంటరిగా ఒక తల్లి దగ్గర వదలాలి. మొదటి సగం తెలీకుండా ఎలా వదలమంటావు? ముహూర్తాలు లేని చోట ఒక ఏడాది చేసి రా."

సీటు రాలేదు. మా డాక్టరమ్మకి చెప్పి ఉద్యోగం మానేశాను. ఆవిడ నమ్మలేనట్టు చూసి, "కాంట్రాక్టు ఉద్యోగానికి సర్కారు ఆసుపత్రికి పోతావా? పిచ్చా నీకు?" అన్నారు. అని, నాకు కావలసిన సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టిచ్చారు. మా అమ్మ షెడ్డులో ఏం చెప్పుకుందో నేను అడగలేదు.

చాట్రాయి వైపు ఒక సర్కారు ఆసుపత్రి లేబర్ రూమ్‌లో కాంట్రాక్టు మీద చేరాను. అక్కడ నాకు తగిలిన షాకు వేరే రకం. తోటల్లో కాయలు కోసే కుటుంబంలోని ఒకామె తెల్లవారుతుండగా ఆటోలో వచ్చింది. రెండో కాన్పు. నేను స్టూలు వేసుకుని తయారుగా కూర్చున్నాను. ఏమీ జరగలేదు. ఆమె ఉప్మా తింది. నిద్రపోయింది. లేచి మొగుడితో ఫోన్‌లో గొడవపడింది, గేదెకి నీళ్ళు పెట్టాడా లేదా అని. వరండాలో అటూఇటూ నడిచింది. నేను వెనకాలే నడిచాను.

"ఏంటమ్మా, నా తోకలాగ?" అంది. "పోయి పని చూసుకో."

"నా పని ఇదేనండీ."

"నడవడమా?"

మధ్యమధ్యలో ఆగి గోడ పట్టుకునేది. దాచుకునేది కాదు, బూతులు తిట్టేది. ఎండ ఎక్కింది. గుండె చప్పుడు వింటున్నాను, పొట్టమీద చెయ్యి వేస్తున్నాను, నీళ్ళిస్తున్నాను, అంతే. ఇదా మొదటి సగం అంటే? ఇంత మామూలుగా, ఇంత విసుగ్గా ఉంటుందా? లేచి వెళ్ళిపోవాలని ఎన్నిసార్లు అనిపించిందో. ఎవరూ ఎందుకు కూర్చోరో అప్పుడు అర్థమైంది. ఆ విసుగులోనే ఒకసారి ఆమె తిట్టడం మానేసింది. ఊరికే గోడవైపు తిరిగి నిలబడింది. నాకు స్టూలు మీంచి లేచి నిలబడాలనిపించింది, నిలబడ్డాను. "పదండి లోపలికి," అన్నాను. ఎలా తెలిసిందో అప్పుడు చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. లోపలికెళ్ళిన కాసేపటికే మగపిల్లాడు.

మరుసటి ఏడు మళ్ళీ అప్లై చేశాను. ఈసారి ఆ ప్రశ్న అడగలేదు. రక్తస్రావం ఎక్కువైతే ముందు ఏం చేస్తావని అడిగారు, బీపీ మందుల గురించి అడిగారు. తెలిసినంత చెప్పాను. అయిపోయింది, వెళ్ళొచ్చన్నారు సారు. నేను లేవలేదు.

"నన్ను కాన్పు గురించి అడగలేదండీ," అన్నాను మేడమ్‌తో.

"అడగాలా?"

"అడక్కపోయినా చెప్తానండీ."

ఆటో దిగడం దగ్గర మొదలుపెట్టాను. ఉప్మా చెప్పాను, గేదె చెప్పాను, వరండా చెప్పాను. బూతులు మాత్రం వదిలేశాను. బిడ్డ పుట్టడానికి ఇంకా చాలా దూరంలో ఉండగానే సారు గడియారం చూసుకుని, బయట ఇంకా పదిమంది ఉన్నారమ్మా అన్నారు. మేడమ్ ఆయన్ని ఆగమని చెయ్యి చూపించి, "గోడవైపు తిరిగిందన్నావు. తర్వాత?" అన్నారు.

చెప్పాను. వచ్చే నెల నుంచి క్లాసులు.